ఫాంటసీ హాకీలో ఏది ఎంచుకోవాలి? ఒక సీజన్ ఆడాక తేలిన లెక్కలు

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ సాధారణంగా అక్టోబర్‌లో మొదలవుతుంది. దానికి రెండు వారాల ముందే డాలస్‌లోనో టొరంటోలోనో ఆఫీసులో ఎవరో ఒకరు ఫాంటసీ హాకీ లీగ్ పెట్టి అందరికీ లింకు పంపిస్తారు. మనవాళ్లలో చాలామందికి క్రికెట్ ఫాంటసీ అలవాటే. ఐస్ హాకీ మాత్రం కొత్త. అందులో చేరాలా, ఏ రకం లీగ్‌లో చేరాలి, ఎవరిని ముందు తీసుకోవాలి, ఎవరిని ఎప్పుడు వదిలేయాలి అని అడిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను 2024-25 సీజన్ మొదటి నుంచి చివరి దాకా ఆడాను. ఉదాహరణలన్నీ ఆ సీజన్‌వే.

ముందు ఒక విషయం పట్టుకుంటే మిగతా ఎంపికలన్నీ తేలికవుతాయి. హాకీలో గోల్స్ తక్కువ. ఒక మ్యాచ్‌లో ఒక్కో జట్టు దాదాపు 28 షాట్లు కొడితే, సగటున మూడే లోపలికి వెళ్తాయి. అంటే ఒక వారంలో ఎవరు గోల్ కొడతారు, ఏ జట్టు గెలుస్తుంది అన్నదాంట్లో అదృష్టం పాలు చాలా ఎక్కువ. కానీ ఒక ఆటగాడు ఎన్ని నిమిషాలు ఐస్ మీద ఉంటాడు, ఎన్ని షాట్లు కొడతాడు, ఎన్ని హిట్లు (ప్రత్యర్థిని ఒంటితో ఢీకొట్టడం) వేస్తాడు, పవర్ ప్లేలో (శిక్ష పడి ఎదుటి జట్టుకు మనిషి తగ్గినప్పుడు) మొదటి బృందంలో ఉంటాడా లేదా అన్నవి వారం వారం పెద్దగా మారవు. రెండు దారుల మధ్య ఎంచుకోవలసి వచ్చిన ప్రతిసారీ, మళ్లీ మళ్లీ జరిగేదాని వైపు మొగ్గండి. ఈ వ్యాసంలోని సలహాలన్నీ దీని మీద కట్టినవే.

రోజువారీ ఆటా, సీజన్ మొత్తమా?

దీని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. డ్రీమ్11 లాంటి ఒక రోజు పోటీల్లో ఆ రాత్రి ఎవరికి కలిసొచ్చిందన్నదే ఫలితం. హాకీలో అది ఇంకా ఎక్కువ. నైపుణ్యం బయటపడాలంటే ఆరు నెలలు కావాలి. అందుకని సీజన్ మొత్తం సాగే లీగే ఎంచుకోండి, స్నేహితుల మధ్య డబ్బు లేకుండా ఆడండి. ఇండియాలో ఉన్నవాళ్లకు ఇంకో దారి కూడా లేదు: డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది.

యాహూ, ఈఎస్‌పీఎన్, ఫాంట్రాక్స్ మూడింటిలో ఉచితంగా లీగ్ పెట్టుకోవచ్చు. కొత్తవాళ్లకు యాహూ తేలిక. రూల్స్ అన్నీ మీ ఇష్టప్రకారం మార్చుకోవాలనుకుంటే, ఏళ్ల తరబడి అదే జట్టును నడపాలనుకుంటే ఫాంట్రాక్స్.

పాయింట్లా, కేటగిరీలా, రోటోనా?

ఇది అన్నిటికన్నా పెద్ద ఎంపిక. ఎందుకంటే ఏ ఆటగాడు మంచివాడు అన్నది దీన్నిబట్టే మారిపోతుంది.

పాయింట్ల లీగ్‌లో ప్రతి పనికీ ఒక విలువ ఉంటుంది. గోల్‌కు ఇంత, అసిస్ట్‌కు (గోల్‌కు దారితీసిన పాస్‌కు) ఇంత, హిట్‌కు ఇంత అని కలిపి, వారాంతానికి ఎవరి మొత్తం ఎక్కువైతే వాళ్లు గెలిచినట్టు. కేటగిరీల లీగ్‌లో గోల్స్, అసిస్టులు, షాట్లు, హిట్లు, పవర్ ప్లే పాయింట్లు, గోల్‌కీపర్ గెలుపులు, సేవ్ పర్సంటేజీ (వచ్చిన షాట్లలో ఆపినవాటి వంతు) ఇలా ఒక్కోటీ ఒక్కో చిన్న పోటీ. ఎక్కువ కేటగిరీలు గెలిచినవాళ్లది వారం. రోటోలో వారం వారం ఎదురెదురు పోటీ ఉండదు. సీజన్ మొత్తం మీద ఒక్కో కేటగిరీలో పన్నెండు జట్లలో మొదటివాళ్లకు 12, చివరివాళ్లకు 1 చొప్పున వస్తాయి.

2024-25లో ఇద్దరు ఆటగాళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. టొరంటో విలియమ్ నైలాండర్ 45 గోల్స్, 39 అసిస్టులు చేశాడు. గోల్స్‌లో లీగ్ మొత్తంలో రెండో స్థానం. వాంకూవర్ కీఫర్ షర్‌వుడ్ 19 గోల్స్, 21 అసిస్టులు. మామూలు చూపుకు వీళ్లిద్దరికీ పోలికే లేదు. కానీ షర్‌వుడ్ ఆ ఏడాది 462 హిట్లు వేశాడు. ఒక సీజన్‌లో ఎవరూ అన్ని వేయలేదు, అది ఎన్‌హెచ్‌ఎల్ రికార్డు.

గోల్‌కు 3, అసిస్ట్‌కు 2 ఇచ్చే లీగ్‌లో, హిట్లకు ఏమీ ఇవ్వకపోతే, షాట్లు పక్కన పెడితే, నైలాండర్‌కు 213 పాయింట్లు, షర్‌వుడ్‌కు 99. అదే లీగ్‌లో హిట్‌కు అర పాయింటు పెట్టారనుకోండి. షర్‌వుడ్‌కు హిట్ల మీదే 231 వచ్చి పడతాయి, మొత్తం 330. నైలాండర్ ఢీకొట్టే రకం ఆటగాడు కాదు కాబట్టి అతని లెక్కలో పెద్ద మార్పు రాదు. ఒక్క సెట్టింగ్‌తో డ్రాఫ్ట్‌లో (సీజన్‌కు ముందు ఆటగాళ్లను ఎంచుకునే రోజున) ఎవరూ పట్టించుకోని మనిషి, 45 గోల్స్ కొట్టిన స్టార్‌ను దాటేశాడు. డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్ల ర్యాంకుల కన్నా లీగ్ సెట్టింగ్స్ పేజీ చదవడం ముఖ్యమని నేను అనేది ఇందుకే. ఇంటర్నెట్‌లో దొరికే ర్యాంకులు ఎవరి లీగ్ కోసమో వేసినవి, మీ లీగ్ కోసం కాదు.

మరి ఏది ఎంచుకోవాలి? హాకీ చూడటం ఇప్పుడే మొదలుపెట్టినవాళ్లు ఎక్కువ ఉన్న గుంపైతే పాయింట్ల లీగ్ పెట్టండి. ఎవరికి ఎన్ని వచ్చాయో చూసిన వెంటనే అర్థమవుతుంది. అయితే హిట్లకు, బ్లాకులకు (ఎదుటివాళ్ల షాట్‌కు ఒంటిని అడ్డుపెట్టడానికి) అర పాయింటు ఇచ్చేయకండి. ఇస్తే పైన చూసిన గొడవ వస్తుంది, పావు కూడా ఎక్కువే. ఆటను కాస్త ఫాలో అయ్యేవాళ్లకు కేటగిరీలు బాగుంటాయి. నాకు నచ్చేది కూడా అదే. షర్‌వుడ్ లాంటివాడు అక్కడ హిట్స్ అనే ఒక్క కేటగిరీని గెలిపిస్తాడు గానీ మిగతావాటిని మింగేయడు. బ్రేడీ టకాచుక్, టామ్ విల్సన్ లాంటివాళ్ల విలువ అప్పుడు తెలుస్తుంది. విల్సన్ ఆ ఏడాది 33 గోల్స్ కొడుతూనే హిట్లు కూడా కుప్పలుగా వేశాడు. రెండు వైపులా పనికొచ్చేవాడు ఒక ఆటగాడి స్థానంలో ఇద్దరిని ఇచ్చినట్టే.

రోటో న్యాయమైన పద్ధతి. ఒక్క వారం దురదృష్టం మిమ్మల్ని దెబ్బ తీయదు. కానీ జనవరికల్లా కింద ఉన్న సగం మంది లాగిన్ అవ్వడం మానేస్తారు. ఆఫీసు లీగ్‌కు అది పనికిరాదు.

కేటగిరీల లీగ్ పెట్టేవాళ్లకు ఒక మాట: ప్లస్ మైనస్ తీసేసి దాని స్థానంలో బ్లాకులు పెట్టండి. ప్లస్ మైనస్ అంటే, పవర్ ప్లే గోల్స్ కాకుండా, ఆటగాడు ఐస్ మీద ఉన్నప్పుడు తన జట్టు గోల్ కొడితే కలిపి, ఎదుటి జట్టు కొడితే తీసేసే లెక్క. ఆటగాడి చేతిలో ఉన్నదాని కన్నా లేనిదే అందులో ఎక్కువ.

రీడ్రాఫ్టా, కీపరా?

ఏటా కొత్తగా మొదలయ్యేది రీడ్రాఫ్ట్. కొంతమంది ఆటగాళ్లను వచ్చే ఏడాదికి అట్టిపెట్టుకునేది కీపర్. మొత్తం జట్టును ఏళ్ల తరబడి నడిపేది డైనాస్టీ.

అలెక్స్ ఒవెచ్‌కిన్‌కు ఆ సీజన్ మొదలయ్యేసరికి 39 ఏళ్లు. నవంబర్‌లో కాలి ఎముక విరిగినా 65 మ్యాచ్‌ల్లో 44 గోల్స్ కొట్టాడు. 2025 ఏప్రిల్ 6న 895వ గోల్‌తో వేన్ గ్రెట్స్కీ రికార్డును దాటాడు. శాన్ హోసేలో 18 ఏళ్ల మాక్లిన్ సెలెబ్రీనీ 70 మ్యాచ్‌ల్లో 63 పాయింట్లు (హాకీ లెక్కలో గోల్స్, అసిస్టులు కలిపి) చేశాడు. రీడ్రాఫ్ట్‌లో ఆ ఏడాదికి ఒవెచ్‌కినే కావాలి, సందేహం లేదు. కీపర్‌లో సెలెబ్రీనీకి బదులు ఎవరైనా ఒవెచ్‌కిన్‌ను ఇస్తానంటే ఒప్పుకోకూడదు. మొదటి రెండు సీజన్లు రీడ్రాఫ్ట్ ఆడి, అప్పటికి ఆ గుంపు నిలిస్తే ముగ్గురేసి కీపర్లకు మారడం మంచిది. మొదటి ఏడాదే డైనాస్టీ పెడితే, మధ్యలో ఇద్దరు తప్పుకున్నప్పుడు వాళ్ల జట్లను తీసుకోవడానికి ఎవరూ రారు.

డ్రాఫ్ట్ రోజు

స్నేక్ పద్ధతిలో వరుస ఒకసారి పై నుంచి కిందికి, మరోసారి కింది నుంచి పైకి వెళ్తుంది. 12 మంది ఉంటే మొదటివాడికి 1, 24వ ఎంపికలు, చివరివాడికి 12, 13. ఆక్షన్‌లో అందరికీ ఒకే బడ్జెట్, సాధారణంగా 200 డాలర్ల ఊహా సొమ్ము. కోరుకున్న ఎవరినైనా పాడుకోవచ్చు. ఆక్షన్ ఎక్కువ సరదా, ఎక్కువ న్యాయం. కానీ మూడు గంటలు పడుతుంది. పైగా బాలాపూర్ లడ్డూ వేలంలో లాగా పట్టుదల కొద్దీ ధర పెంచేవాళ్లు ఇద్దరుంటే చాలు, వస్తువు విలువకూ ధరకూ సంబంధం ఉండదు. అలాంటప్పుడు మొదటి అరగంట ఊరుకోండి. డబ్బు అయిపోయినవాళ్లు చూస్తూ ఉండగా మంచి ఆటగాళ్లు చవగ్గా వస్తారు.

స్నేక్‌లో మొదటి రెండు రౌండ్లలో సాహసాలు వద్దు. 2024-25లో 100 పాయింట్లు చేరినవాళ్లు ఆరుగురే: కుచెరోవ్ 121, మెక్‌కినన్ 116, డ్రైసైటిల్, పాస్ట్రనాక్ ఇద్దరూ 106, మార్నర్ 102, మెక్‌డేవిడ్ 100. వీళ్లలో ఒక్కరి పేరు కూడా ఎవరికీ కొత్త కాదు. పై వరుస ఏటా దాదాపు ఇలాగే ఉంటుంది. తేడా వచ్చేది కింది రౌండ్లలోనే.

నిరుడు బాగా ఆడినవాళ్లను చూసేటప్పుడు షూటింగ్ పర్సంటేజీ తప్పక చూడండి. ఫ్లోరిడా సామ్ రైన్‌హార్ట్ 2023-24లో 57 గోల్స్ కొట్టాడు, కానీ కేవలం 233 షాట్లలో. దాదాపు ప్రతి నాలుగో షాటూ గోల్ అన్నమాట. ఎంత గొప్ప ఆటగాడికైనా అది ఏటా జరిగే పని కాదు. మరుసటి ఏడాది 39 దగ్గర ఆగాడు. 39 కూడా మంచి సంఖ్యే. కాకపోతే 57కు ధర కట్టి కొన్నవాళ్లకు ఆ ధర గిట్టలేదు. అదే నాలుగైదు రౌండ్లలో ఇద్దరి మధ్య ఊగిసలాడుతుంటే, గోల్స్ ఎక్కువ ఉండి షాట్లు తక్కువ ఉన్నవాడి కన్నా, షాట్లు ఎక్కువ ఉండి గోల్స్ తక్కువ పడ్డవాణ్ని తీసుకోండి.

సెంటర్లు (ముందు వరుసలో మధ్యన ఆడేవాళ్లు) లీగ్‌లో కావలసినంత మంది దొరుకుతారు. కాబట్టి పక్కల ఆడే వింగర్లకు, డిఫెన్స్‌మెన్‌కు ముందు చూడండి. ముఖ్యంగా డిఫెన్స్‌లో పై మెట్టుకూ మధ్య మెట్టుకూ దూరం చాలా ఉంది. ఆ ఏడాది డిఫెన్స్‌మెన్‌లో 80 పాయింట్లు దాటినవాళ్లు ఇద్దరే, కేల్ మకార్ 92, జాక్ వెరెన్‌స్కీ 82. తర్వాత క్విన్ హ్యూస్ 68 మ్యాచ్‌ల్లో 76. మకార్‌ను మొదటి రౌండ్‌లో తీసుకోవడానికి వెనకాడక్కర్లేదు. అతను దొరక్కపోతే డిఫెన్స్ కోసం తొందరపడి రెండో రౌండ్ ఖర్చు చేయకండి, మధ్య రౌండ్లలో పవర్ ప్లే నడిపించేవాళ్లను ఇద్దరిని పట్టుకోండి.

గోల్‌కీపర్లు: ముందా, వెనకా?

ఈ ఆటలో అందరూ కొట్టుకునేది ఇక్కడే. గోలీ (గోల్‌కీపర్) స్థానాలు రెండే ఉంటాయి గానీ కేటగిరీల లీగ్‌లో దాదాపు సగం ఫలితం వాటి చేతిలో ఉంటుంది. అందుకని మొదటి రౌండ్లలోనే గోలీని తీసుకోవాలని కొందరు అంటారు. అసలు చివరి దాకా ముట్టుకోకూడదని కొందరు.

ముందు తీసుకోవాలనేవాళ్లకు సాక్షి కానర్ హెల్లబక్. విన్నిపెగ్ తరఫున 63 మ్యాచ్‌లు ఆడాడు. 47 గెలుపులు, మ్యాచ్‌కు ఇచ్చిన గోల్స్ సగటు 2.00, .925 సేవ్ పర్సంటేజీ, 8 షటౌట్లు (ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు). అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ, ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీ రెండూ అతనికే. అతను ఉన్న జట్టు గోలీ కేటగిరీల్లో వారం వారం ముందే సగం గెలిచి కూర్చునేది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. అదే డ్రాఫ్టుల్లో హెల్లబక్ చుట్టుపక్కలే పోయిన పేర్లు ఈగర్ షెస్టర్కిన్, యూసే సారోస్, జెరెమీ స్వేమన్. న్యూయార్క్ రేంజర్స్ తరఫున షెస్టర్కిన్ 27 గెలుపులు, .905తో ముగించాడు, జట్టు ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. నాష్‌విల్ వేసవిలో స్టామ్‌కోస్‌ను, మార్షెసోను తెచ్చుకుని బలంగా కనిపించింది, సీజన్‌లో మాత్రం కుప్పకూలింది. సారోస్‌కు దక్కినవి 20 గెలుపులే. బోస్టన్‌లో స్వేమన్ 22 గెలుపులు, .892. వీళ్లు ఆట మరిచిపోలేదు. ముందున్న జట్టు కూలితే గోలీ ఏమీ చేయలేడు.

దీనికి ఇంకా గట్టి రుజువు కొలరాడోలో ఉంది. అలెగ్జాండర్ జార్జియెవ్ 2023-24లో 38 గెలుపులతో లీగ్‌లోనే మొదటివాడు. తర్వాతి సీజన్ మొదలైన రెండు నెలలకే కొలరాడో పది రోజుల లోపు తన గోలీలిద్దరినీ మార్చేసింది. 2024 డిసెంబర్ 9న జార్జియెవ్ శాన్ హోసేకు వెళ్లాడు, అక్కడి నుంచి మెకెంజీ బ్లాక్‌వుడ్ వచ్చాడు. బలహీనమైన శాన్ హోసేలో ఎవరికీ అక్కర్లేని బ్లాక్‌వుడ్, కొలరాడో జెర్సీ వేసుకున్నాక మిగిలిన సీజన్‌లో 22 మ్యాచ్‌లు గెలిచాడు. మనిషి అతనే, జట్టు మారింది.

డ్రాఫ్ట్ చివర్లో దొరికినవాళ్ల సంగతి కూడా చూద్దాం. లోగన్ థాంప్సన్ ఆ వేసవిలోనే వేగస్ నుంచి వాషింగ్టన్‌కు వచ్చాడు, చార్లీ లిండ్‌గ్రెన్‌తో మ్యాచ్‌లు పంచుకోవాలి కాబట్టి అతని మీద ఎవరికీ పెద్ద ఆశ లేదు. 31 గెలిచి 6 మాత్రమే ఓడాడు, ఓవర్‌టైమ్ ఓటములు వేరు. టొరంటోలో ఆంథనీ స్టోలార్జ్ 34 మ్యాచ్‌లే ఆడినా .926. సేవ్ పర్సంటేజీలో హెల్లబక్ కన్నా ఒక మెట్టు పైన.

కాబట్టి నా సలహా ఇది. ఏటా అరవై మ్యాచ్‌లు ఆడుతూ, వరుసగా నిలబడి చూపించిన గోలీ ఒకడో ఇద్దరో ఉంటారు. హెల్లబక్‌కు 2020, 2024, 2025లో మూడు వెజినాలు ఉన్నాయి. అలాంటివాడు మూడో రౌండ్‌లో మీ దాకా వస్తే తీసుకోండి. రాకపోతే ఆ వెనక ఉన్న పేరున్న గోలీల కోసం నాలుగు, ఐదు రౌండ్లు పోగొట్టుకోవద్దు. ఆ రౌండ్లలో షాట్లు, హిట్లు రెండూ ఇచ్చే ఫార్వర్డ్‌లు ఉంటారు. తొమ్మిదో రౌండ్ తర్వాత, డిఫెన్స్ బాగున్న మూడు వేర్వేరు జట్ల గోలీలను తీసుకుని, నవంబర్ చివరికి ఎవరు నిలబడ్డారో చూసి మూడోవాణ్ని మార్చుకోండి. గోలీని ఎంచుకునేటప్పుడు అతని సేవ్ పర్సంటేజీ కన్నా అతని ముందున్న డిఫెన్స్‌మెన్ ఎవరన్నది ఎక్కువ చెబుతుంది.

పాయింట్ల లీగ్‌లో ఈ సలహా కొంచెం మారుతుంది. అక్కడ సేవ్‌లకు విడిగా పాయింట్లు ఉంటే, బలహీన జట్టు గోలీ కూడా రోజూ 35 షాట్లు ఎదుర్కొని లాభం తెస్తాడు.

క్యాలెండర్

పేర్ల గురించి అందరూ చదువుతారు. షెడ్యూలు చూసేవాళ్లు తక్కువ. లీగ్ గెలిచేది తరచూ అక్కడే.

2024-25లో 32 జట్లు, ఒక్కోదానికి 82 మ్యాచ్‌లు, మొత్తం 1,312. ఇవి వారమంతా సమానంగా పంచి ఉండవు. మంగళ, గురు, శనివారాల్లో కిక్కిరిసి ఉంటాయి. సోమ, బుధ, శుక్ర, ఆదివారాలు పలచగా ఉంటాయి. అందువల్ల శనివారం మీ జట్టులో పదిహేను మందికీ మ్యాచ్ ఉండి, స్థానాలు చాలక నలుగురు బెంచ్ మీద కూర్చుంటారు. శుక్రవారం ఇద్దరే ఆడతారు, మిగతా స్థానాలన్నీ ఖాళీ.

వేవర్‌లో (ఏ జట్టులోనూ లేని ఆటగాళ్లలో) ఇద్దరు ఫార్వర్డ్‌లు దొరికారనుకోండి. మొదటివాడు 60 పాయింట్ల ఆటగాడు, ఆ వారం అతనికి మంగళ, గురు, శనివారాల్లో మూడు మ్యాచ్‌లు. రెండోవాడు 45 పాయింట్ల ఆటగాడు, అతనికి సోమ, బుధ, ఆదివారాల్లో మూడు. పేరు చూస్తే మొదటివాణ్నే తీసుకోవాలనిపిస్తుంది. కానీ మంగళ, గురు, శనివారాల్లో మీ మామూలు ఆటగాళ్లే స్థానాలు నింపేస్తారు, అతను ఒక్క రోజు ఆడితే గొప్ప. రెండోవాడు మూడు మ్యాచ్‌లూ ఆడతాడు. షాట్లు, హిట్లు లెక్కేసే లీగ్‌లో మూడు మ్యాచ్‌ల మామూలు ఆటగాడు ఒక మ్యాచ్ మంచి ఆటగాడి కన్నా ఎప్పుడూ ఎక్కువే ఇస్తాడు. ప్రతి ఆదివారం రాత్రి పది నిమిషాలు కూర్చుని వచ్చే వారం ఏ జట్టుకు ఏ రోజుల్లో మ్యాచ్‌లున్నాయో చూసి, జట్టులోని చివరి రెండు స్థానాల్ని ఆ లెక్కతోనే మార్చుకుంటూ ఉండండి. దీన్నే స్ట్రీమింగ్ అంటారు. మిగతా జట్టును కదపకండి.

రోజూ లైనప్ మార్చే లీగా, వారానికి ఒకసారి మార్చేదా అన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. రోజుకు ఐదు నిమిషాలు పెట్టలేనివాళ్లు వారంవారీ లీగ్‌లో చేరండి. రోజువారీ లీగ్‌లో చేరి పట్టించుకోకపోతే మీకూ బాగుండదు, మిగతావాళ్ల ఆటా పాడవుతుంది.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఆడేవాళ్లకు కుదరదేమో అనుకుంటారు గానీ, రోజువారీ లీగ్ ఇండియా టైముకు చక్కగా సరిపోతుంది. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడు గంటల మ్యాచ్ చలికాలంలో మనకు తెల్లవారుజామున ఐదున్నరకు. ఆ రోజు ఏ గోలీ ఆడతాడన్న కబురు అక్కడ పొద్దున జరిగే ప్రాక్టీస్ తర్వాత వస్తుంది, మనకు అది రాత్రి తొమ్మిదిన్నర, పదిన్నర మధ్య. భోంచేశాక ఫోన్ చూసి లైనప్ పెట్టుకుని పడుకుంటే, లేచేసరికి ఫలితాలు వస్తుంటాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఆ కబురు ఆఫీసు మీటింగుల మధ్యలో వస్తుంది. పశ్చిమ తీరం జట్ల కబురు ఇంకా ఆలస్యం, వాటి గోలీలను నమ్ముకుంటే మాత్రం ఇండియాలో నిద్ర చెడుతుంది. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం మ్యాచ్‌లుంటాయి, అవి ముందే చూసుకోవాలి.

అట్టిపెట్టుకోవాలా, వదిలేయాలా?

అక్టోబర్‌లో పది మ్యాచ్‌లు సరిగా ఆడలేదని పెద్ద ఆటగాణ్ని వదిలేయడం, పది మ్యాచ్‌లు దుమ్మురేపాడని ఎవరో తెలియనివాణ్ని పట్టుకుని వేలాడటం, రెండూ ఒకే రకం తొందర. వదిలేసే ముందు మూడు చూడండి. ఐస్ మీద నిమిషాలు తగ్గాయా? పవర్ ప్లే మొదటి బృందం నుంచి తీసేశారా? షాట్లు తగ్గాయా? మూడూ లేకపోతే గోల్స్ అవే వస్తాయి, ఆగండి. మూడింటిలో రెండు తగ్గితే పేరు చూడకుండా ట్రేడ్ (ఇంకో జట్టుతో ఆటగాళ్ల మార్పిడి) చేసేయండి. ఆ పేరుకు ఇంకా విలువ ఉన్నప్పుడే చేయాలి.

గాయాల విషయంలో, ఐఆర్ స్థానం (గాయపడ్డవాణ్ని పక్కన ఉంచుకునే స్థానం) ఉన్న లీగ్‌లో స్టార్‌ను వదలకూడదు. ఒవెచ్‌కిన్ గాయపడ్డప్పుడు 18 మ్యాచ్‌ల్లో 15 గోల్స్‌తో ఉన్నాడు. దాదాపు నలభై రోజుల తర్వాత డిసెంబర్ 28న తిరిగొచ్చాడు. మిగిలిన సీజన్‌లో 29 గోల్స్ కొట్టాడు. ఐఆర్ స్థానాలు లేని లీగ్‌లో లెక్క వేరు, అక్కడ నెలన్నర పాటు ఖాళీ స్థానం మోయడం కష్టం. అందుకే లీగ్ పెట్టేటప్పుడే కనీసం రెండు ఐఆర్ స్థానాలు పెట్టించండి.

ఆటగాడు జట్టు మారితే ముందు లైన్‌మేట్స్‌ను (ఐస్ మీద అతనితో కలిసి ఆడేవాళ్లను) చూడండి. మిక్కో రాంటనెన్ కొలరాడోలో మెక్‌కినన్ పక్కన 49 మ్యాచ్‌ల్లో 64 పాయింట్లు చేశాడు. జనవరి 24న కరొలైనాకు పంపారు. అక్కడ 13 మ్యాచ్‌ల్లో ఆరే. మార్చి 7న డాలస్‌కు వెళ్లాక 20 మ్యాచ్‌ల్లో 18కి కోలుకున్నాడు. కరొలైనాలో ఉన్న ఆ కొద్ది వారాల్లో, అతని మీద విసిగిపోయిన యజమాని దగ్గర నుంచి ట్రేడ్‌లో అడిగి తీసుకోవలసింది.

వేవర్ పద్ధతుల్లో వరుస క్రమం కన్నా బిడ్డింగ్ మంచిది. సీజన్‌కు 100 డాలర్ల ఊహా బడ్జెట్ ఇస్తారు. బ్లాక్‌వుడ్ కొలరాడోకు వెళ్లిన రోజు లాంటిది సీజన్‌లో రెండు మూడుసార్లే వస్తుంది. ఆ రోజు కోసం కనీసం సగం డబ్బు దాచండి, వచ్చినప్పుడు మొహమాటం లేకుండా ఖర్చు పెట్టండి. ఏప్రిల్‌లో మిగిలిన డాలర్లకు ఏమీ రాదు.

ఫిబ్రవరి, ఆ తర్వాత

అంతర్జాతీయ టోర్నమెంట్ కోసం లీగ్ ఆగే ఏడాదుల్లో ఫిబ్రవరి వేరుగా ఉంటుంది. 2025 ఫిబ్రవరి 12 నుంచి 20 వరకు మాంట్రియల్, బోస్టన్‌లలో ఫోర్ నేషన్స్ ఫేస్-ఆఫ్ జరిగింది. అక్కడ దెబ్బ తగిలిన మాథ్యూ టకాచుక్ మళ్లీ రెగ్యులర్ సీజన్‌లో ఆడలేదు. షే థియోడోర్, చార్లీ మెకవాయ్ కూడా అక్కడే గాయపడ్డారు. 2026 ఫిబ్రవరిలో మిలాన్ ఒలింపిక్స్ కోసం కూడా లీగ్ ఆగింది. ఇలాంటి విరామానికి ముందు, ఇద్దరు సమాన ఆటగాళ్ల మధ్య ట్రేడ్ వస్తే, దేశం తరఫున ఆడకుండా ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకునేవాణ్నే కోరుకోండి.

ఫాంటసీ ప్లేఆఫ్స్ సాధారణంగా మార్చి చివర్లో మొదలై ఏప్రిల్ మొదట్లో ముగుస్తాయి. ఆ మూడు వారాల షెడ్యూలు అక్టోబర్‌లోనే తెలుసు. ఫిబ్రవరిలో ట్రేడ్‌లు మాట్లాడేటప్పుడే ఆ వారాల్లో ఏ జట్టుకు ఎక్కువ మ్యాచ్‌లున్నాయో చూసుకోండి. లీగ్ పెట్టేవాళ్లు మాత్రం ఎన్‌హెచ్‌ఎల్ చివరి వారాన్ని ఫాంటసీ ఫైనల్‌గా పెట్టకూడదు. అప్పటికి స్థానం ఖాయమైన జట్లు స్టార్లకు విశ్రాంతి ఇస్తాయి, ఆరు నెలల శ్రమ వాళ్లు లేకుండా తేలిపోతుంది.

చివరగా, కేటగిరీల లీగ్‌లో ప్రతి ఆదివారం ఎదురయ్యే ఒక నిర్ణయం. మీ గోలీలు ఆ వారం మూడు మ్యాచ్‌లు ఆడారు, 90 షాట్లలో 82 ఆపారు: .911, గోల్స్ సగటు 2.67. ఎదుటివాళ్ల గోలీల పని అయిపోయింది, వాళ్లది .905, సగటు 2.80. మీకింకా ఆదివారం రాత్రి ఒక గోలీ మిగిలున్నాడు. అతన్ని ఆడిస్తే ఒక గెలుపు రావచ్చు. కానీ 25 షాట్లలో ఐదు గోల్స్ ఇచ్చాడంటే మీ లెక్క 115లో 102, అంటే .887, సగటు 3.25. చేతిలో ఉన్న రెండు కేటగిరీలు పోతాయి. గెలుపుల కేటగిరీలో మీరు ఇప్పటికే ముందున్నా, లేదా ఒక్క గెలుపుతో అందుకోలేనంత వెనకున్నా, అతన్ని కూర్చోబెట్టండి. గెలుపుల్లో సమానంగా ఉండి, వారం మొత్తం మీద మీరు రెండు కేటగిరీలు వెనకబడి ఉంటే ఆడించండి. వారానికి కనీసం ఇన్ని గోలీ మ్యాచ్‌లు ఉండాలన్న రూల్ ఉంటే, అది పూర్తయిందో లేదో ముందు చూసుకోండి. పూర్తి కాకపోతే గోలీ కేటగిరీలన్నీ ఎదుటివాళ్లకు వెళ్లిపోతాయి.